గొంతులో పుట్టు హల్లులు

కంఠ్యములనగానే మనకు చిన్ననాటి వ్యాకరణపాఠము జ్ఞప్తికి వచ్చును. అకారము, కవర్గము, హకారము, విసర్గము కంఠస్థానమున పుట్టునని ప్రాచీనులు చెప్పిరి. అయితే కకారమును, హకారమును ఒకదాని వెంట ఒకటి పలికి చూచినచో ఆ రెండును ఒక్కచోట పుట్టుట లేదని మనకే తెలియును. కకారమునకు నాలుక వెనుకభాగము లేచి అంగిటిలోని మెత్తని భాగమును తాకవలెను. హకారమునకు నాలుకతో పనిలేదు. గొంతులోని నాదతంత్రుల నడుమ ఊపిరి ఒరసికొని వెలువడిన చాలును. ఆ తంత్రులే ఒక్క క్షణము పూర్తిగా మూసికొని తెరచుకొన్నచో మరియొక హల్లు పుట్టును. దానికి మన లిపిలో అక్షరము లేదు. కాని 'వద్దు' అనుటకు మారుగా మనము 'అఁ అఁ' అని గొంతుతోనే వారించునపుడు ఆ రెంటి నడుమ తెగినట్లు వినవచ్చునది అదియే.

ఈ రెండు స్థానముల నడుమ మరికొన్ని మెట్లు కలవు. వానినన్నిటిని వాడుకొన్న భాషలలో అరబ్బీ ప్రసిద్ధమైనది. కొండనాలుక యొద్ద నాలుక తాకగా పుట్టునది 'కాఫ్' అను హల్లు. ఆ సమీపముననే ఒరపిడితో పలుకునవి 'ఖే', 'గైన్' అనునవి. ఇంకను లోపల, నాలుక మొదలు గొంతు వెనుకగోడను సమీపింపగా పుట్టునవి పెద్ద 'హే', 'ఐన్' అనునవి.

ఇవి ఎక్కడివో దూరదేశపు సంగతులని మనము తలపనక్కరలేదు. 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలోనే ఈ హల్లుల చరిత్రను చాలవరకు చదువుకొనవచ్చును.

మొదట మహబూబాబాదును చూతము. చుట్టుపట్లవారు మానుకోట అని పిలుచుకొను ఆ ఊరి పేరులో 'మహబూబ్' అనునది 'ప్రియమైనవాడు' అను అర్థముగల అరబ్బీ మాట. అందలి హకారము అరబ్బులు గొంతు నొక్కి పలుకు పెద్ద 'హే'. ఉర్దూ లిపి దానికి వేరు అక్షరమును నిలుపుకొన్నది గాని, ఉర్దూ మాటలాడువారు సైతము దానిని మామూలు హకారముగనే పలుకుదురు. 'కాఫ్' కథ ఇంకను చిత్రమైనది. దక్కనీ ఉర్దూలో దానిని 'ఖే'గా పలుకుట వాడుక. కనుకనే హిందీవారు 'కైదీ' అనువానిని మనము 'ఖైదీ' అని వ్రాయుచున్నాము. కోటను ఖిల్లా అనుచున్నాము. బేరమును ఖరారు చేసి, మాటను ఖాయము చేసికొనుచున్నాము. మరియొక వంక అసలైన 'ఖే' గల 'ఖబర్' పల్లెటూరి నోట 'కబురు' అయి కూర్చున్నది. ఇక 'ఐన్' జాడయే లేదు. అర్జీ, ఇనాము, అమలు, జమ అను మాటలన్నిటిలోను అది ఉండెడిది. మనకు దక్కినవి దాని ప్రక్కనున్న అచ్చులే.

అచ్చతెనుగు మాటలలో హకారమే అరుదు. ఆహా, ఓహో వంటి ఆశ్చర్యార్థకములను విడిచినచో కనబడుట కష్టము. కాకతీయుల నాటి శాసనములందు హనుమకొండ పేరు అనుమకొండగనే కలదు. కాబట్టి నేడు ఎవరైన 'అన్మకొండ' అన్నచో నవ్వవలసిన పనిలేదు.

మరి మన భాషకు గొంతుహల్లులు ఎన్నడును లేవా? ఉండెడివని చెప్పు సాక్ష్యము జనగామ ప్రాంతపు కవి బమ్మెర పోతన వాడిన కావ్యభాషలోనే కలదు. 'ఆ కాలము' అనుటకు 'అక్కాలము' అనియు, 'ఆ విధము' అనుటకు 'అవ్విధము' అనియు కవులు వాడుదురు. దీర్ఘము పోయినచోట ద్విత్వము వచ్చుచున్నది. దీనిని త్రికసంధి యని మనము బడిలో వల్లించితిమి గాని, ఎందుకట్లగునో అడుగలేదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి దీనికి కారణము చూపిరి. మూలద్రావిడమున ఈ 'ఆ' చివర గొంతులో పుట్టు హల్లొకటి ఉండెడిదట. అది లోపించుచు ఒకచో ముందరి అచ్చును దీర్ఘము చేసినది. మరియొకచో తరువాతి హల్లులో కలిసిపోయి దానిని ద్విత్వము చేసినది. ప్రాచీన తమిళమున 'అది' అను మాట నడుమ మూడు చుక్కలతో వ్రాయు 'ఆయ్దము' ఆ హల్లునకు గుర్తని వారి అభిప్రాయము.

ఇట్టి లోపము మన కాలమునను జరుగుచున్నది. గోండీ మాండలికములను పరిశీలించి 1998లో కృష్ణమూర్తిగారు ప్రకటించిన వ్యాసము దీనిని గూర్చియే. ఉప్పును గోండీలో కొన్నిచోట్ల 'సోవర్' అందురు. కొన్నిచోట్ల 'హోవర్' అందురు. దక్షిణమునకు వచ్చుకొలది 'ఓవర్' అందురు. పంటిదగ్గరి సకారము గొంతులోనికి దిగి హకారమై, పిదప ఊపిరిలో కలిసిపోయినది. మన 'ఉప్పు' సైతము మొదట చకారము గలదియే. ఏనాడో ఈ దారినే నడచినది. భూపాలపల్లి, దానినుండి 2019లో వేరుపడిన ములుగు, మహబూబాబాద్ అడవిపల్లెలలో వినవచ్చు కోయభాష గోండీకి తోబుట్టువు. తరగతిలో తెలుగు పలుకలేక తడబడు కోయబాలుని నోట, మన భాష ఎన్నడో దాటివచ్చిన మెట్లను గుర్తుచేయు మాటలు ఉండవచ్చును. అతనిని మందలించుటకు ముందు ఒక్కసారి చెవియొగ్గి వినుట మేలు.

హల్లు పోయినను దాని జాడ మిగులును. ఒకచో దీర్ఘముగ, ఒకచో ద్విత్వముగ, మరియొకచో ఊరి పేరుగ నిలుచును. భాషయే పోయినచో జాడకు తావుండదు. గొంతుహల్లులను మన లిపి పూర్తిగా పట్టియుంచలేదు. వానిని నిలుపగలది కంఠస్వరమే. కోయ పెద్దల పాటలను, కథలను, సంతలోని మాటలను వారి గొంతుతోనే ముద్రించి దాచుకొనుట మనకు సాధ్యమైన పని. అది ఇప్పుడే జరుగవలెను.