గుండె లయకు మెగ్నీషియం అండ
పాలిష్ బియ్యంతో తగ్గుతున్న ఖనిజం.. జొన్న, సజ్జ, నువ్వులతో భర్తీ
వైద్యుని సలహా లేనిదే మాత్రలు వద్దు

బెజ్జంకి: గుండె జబ్బు అనగానే కొలెస్ట్రాల్, రక్తపోటు, మధుమేహం గుర్తుకు వస్తాయి. ఉప్పు తగ్గించాలని, పొగ మానాలని వైద్యులు చెప్పే మాటలూ అందరికీ తెలిసినవే. గుండె క్రమం తప్పకుండా కొట్టుకోవడానికి మెగ్నీషియం అనే ఖనిజం కూడా అవసరమన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. తెలిసిన కొందరు మాత్ర మింగితే గుండెపోటు రాదని నమ్ముతున్నారు. ఇందులో నిజమెంత? బెజ్జంకి వంటి పల్లె ప్రాంతాల వారికి ఈ ఖనిజం ఎక్కడ లభిస్తుంది?

గుండెలో దాని పని

పెద్దవారి శరీరంలో సుమారు 25 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. అందులో సగానికి పైగా ఎముకల్లో, మిగిలినది ఎక్కువగా కండరాల్లో, ఇతర కణాల్లో ఉంటుంది. రక్తంలో తిరిగేది ఒక శాతం లోపే. శరీరంలో 300కు పైగా ఎంజైములు పనిచేయడానికి ఇది తోడ్పడుతుంది.

గుండె ప్రతి స్పందనా ఒక విద్యుత్ సంకేతంతో మొదలవుతుంది. సోడియం, పొటాషియం, కాల్షియం కణాల లోపలికి, వెలుపలికి కదలడం వల్ల ఈ సంకేతం పుడుతుంది. కాల్షియం చేరినప్పుడు గుండె కండరం బిగుసుకుంటుంది. మెగ్నీషియం దానికి కళ్లెం వేసి, కండరం తిరిగి సడలడానికి సహకరిస్తుంది. పొటాషియాన్ని కణాల్లో నిలిపి ఉంచేందుకూ ఇది అవసరం. అందువల్ల మెగ్నీషియం బాగా తగ్గితే పొటాషియం కూడా పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. 'టోర్సాడ్స్ డి పాయింట్స్' అనే ప్రాణాంతక లయ దోషానికి ఆసుపత్రుల్లో మెగ్నీషియం సల్ఫేట్‌ను సిర ద్వారా ఇవ్వడం ప్రామాణిక చికిత్సగా ఉంది.

మాత్రతో గుండెపోటు ఆగదు

లోపం ఉన్నవారికి మేలు చేసే ఖనిజం అందరికీ సంజీవని కాదు. గుండెపోటు వచ్చిన 58 వేల మందికి పైగా రోగులపై జరిగిన 'ఐసిస్-4' అనే అంతర్జాతీయ పరిశోధన ఫలితాలు 1995లో వెలువడ్డాయి. గుండెపోటు వచ్చిన వారందరికీ మెగ్నీషియం ఎక్కించడం వల్ల మరణాలు తగ్గలేదని అందులో తేలింది. మాత్రల వల్ల రక్తపోటు తగ్గేదీ స్వల్పమే. కాబట్టి ఇవి బీపీ, షుగరు, గుండె మందులకు ప్రత్యామ్నాయం కావు. వీటిని నమ్ముకొని ఆ మందులు మానేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

పళ్లెం మారింది

ఒకప్పుడు ఈ ప్రాంతంలో జొన్న రొట్టె, మక్క గటక, అంబలి నిత్యాహారం. సాగునీరు పెరిగి వరి విస్తరించిన కొద్దీ రెండు పూటలా అన్నమే ఆహారమైంది. రాష్ట్రంలో 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల్లో సన్న బియ్యం పంపిణీ మొదలైంది. అయితే సన్న బియ్యమైనా, దొడ్డు బియ్యమైనా పాలిష్ పట్టినప్పుడు తవుడుతో పాటే మెగ్నీషియంలో అధిక భాగం పోతుంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో మెగ్నీషియం 20 మిల్లీగ్రాముల లోపే. అదే పరిమాణం ముడి బియ్యంలో 90కి పైగా, సజ్జల్లో 120కి పైగా, జొన్నల్లో సుమారు 130, రాగుల్లో సుమారు 145 మిల్లీగ్రాములు ఉంటుంది.

పెద్దవారికి రోజుకు సుమారు 300 నుంచి 450 మిల్లీగ్రాములు కావాలి. రోజుకు 400 గ్రాముల పాలిష్ బియ్యం వండుకు తిన్నా 80 మిల్లీగ్రాములకు మించి అందదు. రాత్రి పూట 100 గ్రాముల జొన్న పిండితో రొట్టెలు చేసుకుంటే వాటితోనే 130 వరకు లభిస్తుంది. పెసలు, ఉలవలు, అలసందలు, పల్లీలు, నువ్వులు, గుమ్మడి గింజలు, తోటకూర, పాలకూరలోనూ ఇది పుష్కలం. సద్దుల బతుకమ్మ నాడు చేసుకునే నువ్వుల పొడి, పల్లీల పొడిని ఏడాది పొడవునా కొద్దికొద్దిగా వాడుకోవచ్చు. ఉప్పు మాత్రం తగ్గించాలి.

లోపం ఎవరికి?

మధుమేహం అదుపులో లేనివారికి మూత్రం ద్వారా మెగ్నీషియం ఎక్కువగా పోతుంది. నీరు పోవడానికి ఇచ్చే మాత్రలు వాడేవారు, నిత్యం మద్యం సేవించేవారు, చాలాకాలంగా విరేచనాలతో బాధపడేవారు కూడా జాగ్రత్తగా ఉండాలి. గ్యాస్ గోళీలుగా పిలిచే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటివి ఏడాదికి పైగా వాడినా కొందరిలో ఈ లోపం ఏర్పడుతుంది. పిక్కలు పట్టేయడం, నీరసం, చేతుల వణుకు, గుండెదడ దీని లక్షణాలు. ఇవి ఇతర జబ్బుల్లోనూ కనిపిస్తాయి కనుక రక్తపరీక్ష చేయించుకొని నిర్ధారించుకోవాలి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు సొంతంగా మెగ్నీషియం మాత్రలు వాడరాదు. అదనపు ఖనిజాన్ని మూత్రపిండాలు బయటకు పంపలేకపోతే అది రక్తంలో పేరుకొని గుండె వేగం, శ్వాస మందగిస్తాయి.

ఛాతీలో నొప్పి వస్తే..

ఛాతీలో బరువు, ఎడమ చేయికి లేదా దవడకు పాకే నొప్పి, చెమటలు, ఆయాసం కనిపిస్తే గ్యాస్ అనుకొని గోళీ వేసుకొని పడుకోరాదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. పెద్దాసుపత్రికి సిద్దిపేటకో, కరీంనగర్‌కో వెళ్లవలసిన ఇక్కడి వారికి ఇంటి వద్ద జరిగే ఆలస్యమే పెద్ద ముప్పు. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిపించడం ఎంత ఆలస్యమైతే గుండె కండరం అంత దెబ్బతింటుంది. రొట్టెలు, పప్పులు, ఆకుకూరలు గుండెను ఏళ్ల తరబడి కాపాడతాయి. గుండెపోటు వచ్చిన గంటలో మాత్రం కాపాడేది సత్వర చికిత్సే.