అమెరికావారి తొలినాటి సంఘగానము

స్వరములు గుర్తించి పాడుట నేర్పునపుడు, "అయ్యా, విని పాడిన చాలదా?" యని మన బాలురు కొందఱు నన్నడుగుచుందురు. ఇది క్రొత్త ప్రశ్న కాదు. మూడువందల యేండ్ల క్రిందట అమెరికాలోని న్యూ ఇంగ్లాండు సీమయందు దీనినిగూర్చియే సంఘములలో గొప్ప కలహము పుట్టెను.

ఇంగ్లాండునుండి అచటికి వలసపోయిన ప్యూరిటనులు దావీదు కీర్తనలను పద్యములుగా గూర్చి 1640లో అచ్చువేసిరి. దానిలో మాటలే గాని రాగములు లేవు. 1698 నాటి ముద్రణలో 13 రాగములు చేర్చిరి. పుస్తకములు కొందఱికే యుండుటచేత, సంఘ పరిచారకుడొకడు ఒక్కొక్క పంక్తి చదువగా జనులు దానిని పాడుచుండిరి. కాలక్రమమున తాళము మందగించెను. ఎవరికి తోచినట్లు వారు స్వరమును సాగదీయగా, ఒకే రాగము ఊరూర వేరయ్యెను.

1721లో జాన్ టఫ్ట్సు, తామస్ వాల్టరు అను బోధకులు స్వరములు చూచి పాడు విధమును దెలుపు చిన్న పుస్తకములు వెలువరించిరి. మన పితరులు ఇవి నేర్వకయే పరలోకము చేరలేదా యని కొందఱు, ధనవ్యయమని కొందఱు, పడుచువారు రాత్రులు ఇల్లు విడిచి తిరుగుదురని కొందఱు అడ్డుపడిరి. ఈ కడపటి మాట కొంత నిజమే! గాన పాఠశాలలు చలికాలపు రాత్రులయందే జరుగుచుండెను. ఊరూర తిరుగు ఉపాధ్యాయుడొకడు వచ్చి, బడిలోనో సత్రములోనో కొన్ని వారములు నేర్పి, చందా పుచ్చుకొని పోవును. అక్కడ నేర్చినవారే దేవాలయములలో గాయక బృందములైరి.

అట్టి ఉపాధ్యాయులలో మిక్కిలి ప్రసిద్ధుడు బోస్టనువాడైన విలియం బిల్లింగ్సు. 1746లో పుట్టెను. అతని వృత్తి తోళ్లు పదును చేయుట. మన సంఘములలో పెక్కుర తాతలును ఆ పనివారే గనుక ఈ సంగతి ప్రత్యేకముగ వ్రాయుచున్నాను. అతనికి ఒక కన్ను లేదు. ఒక కాలు పొట్టి. 1770లో అతడు 120కి పైగా స్వకీయమైన పాటలతో ఒక గ్రంథము ప్రకటించెను. ఒక్క అమెరికా దేశీయుడే కూర్చిన పాటల గ్రంథములలో అది మొదటిది.

ఆ కాలపు పాటలలో ఫ్యూగింగు అనునదొక తీరు. మొదట నాలుగు గళములును కలసి పాడును. తరువాత ఒక గళము ముందు నడువగా, తక్కినవి ఒకదాని వెనుక నొకటి అందుకొని, తుదకు మరల ఏకమగును. ఇందు మాటలు ఒకదానిపై నొకటి పడి వినువానికి తెలియవను నింద యున్నది, అది న్యాయమే. కాని పాడువానికి కలుగు ఆనందము వేరు. ప్రతి గళమునకును తనదైన రాగముండును. ఊరక తోడుపలుకు పని ఎవరికిని లేదు.

1801లో విలియం లిటిలు, విలియం స్మిత్తు అనువారు మఱియొక సులువు ప్రచురించిరి. స్వరపు తలనే ఆకారముగా మార్చిరి: ఫా త్రికోణము, సోల్ వృత్తము, లా చతురస్రము, మి వజ్రాకారము. గీతలు లెక్కింపకయే స్వరము తెలియును. ఉపాధ్యాయుడనగు నాకు ఈ యుక్తిపై అసూయ కలుగుచున్నది.

ఇంతలో పట్టణములవారి అభిరుచి మారెను. బిల్లింగ్సు 1800లో పేదవాడై మరణించెను. లోవెల్ మేసను 1822 నాటి తన సంపుటములో యూరపువారి పద్ధతిని పాటించెను. ఇతనిని నిందింపజాలను, 1838లో బోస్టను ప్రభుత్వ పాఠశాలలలో సంగీతము పాఠ్యాంశమగుటకు కారకుడితడే. ఇతడు కోరగా 1831లో అమెరికా దేశభక్తి గీతము రచించిన శామ్యూల్ స్మిత్తే, మన నెల్లూరు మిషనును మూసివేయుదురేమో యను 1853లో, దానిని 'ఒంటరి నక్షత్రము'గా వర్ణించుచు పద్యములు వ్రాసెను. ఆ మిషను నిలిచినది.

పట్టణములవారు మోటవని విడిచిన పాత పాటలను దక్షిణ రాష్ట్రముల పల్లెవారు విడువలేదు. 1844లో జార్జియావారైన వైటు, కింగు అనువారు 'సేక్రెడ్ హార్పు' అను గ్రంథమున నాలుగు ఆకారములతోనే పాటలను అచ్చువేసిరి. దానినుండి నేటికిని పాడుచున్నారు. నాలుగు గళములవారు చతురస్రముగా ఎదురెదురు కూర్చుందురు. నడిమి చోట నిలుచువాడు చేతితో తాళము చూపును. వినుటకు వేరు సభ యుండదు. మొదట ఫా, సోల్, లా యని స్వరముల పేళ్లతో పాట అంతయు పాడి, ఆ తరువాతనే మాటలు పాడుదురు.