37 హార్స్‌పవర్‌తో రేస్ ట్రాక్ దాకా: మా ఇంటి మారుతి 800

ఈ వారం ఫోన్ రివ్యూ లేదు ఫ్రెండ్స్. బదులుగా 2014లో తయారీ ఆగిపోయిన ఒక కారు గురించి రాస్తున్నా. టచ్‌స్క్రీన్ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. అందులో ఉన్న మ్యూజిక్ సిస్టమ్ కూడా మా నాన్న బయట పెట్టించిందే. ఏపీ 07 నంబరు, తెల్ల రంగు, 2004 మోడల్ మారుతి 800. కిందటేడు దాన్ని తుక్కుకి ఇచ్చేద్దామనే ఉద్దేశంతో హైదరాబాద్ నుంచి తెనాలి వెళ్లా. ఇవ్వకుండానే తిరిగొచ్చా.

ముందు స్పెక్స్ చూద్దాం, అలవాటు పోదు కదా. 796 సీసీ ఇంజిన్, మూడు సిలిండర్లు. మా బండిది ఎంపీఎఫ్‌ఐ వెర్షన్, నాలుగు గేర్లు, 37 హార్స్‌పవర్. ఈ నంబర్ చూసి నవ్వేముందు బరువు కూడా చూడండి. 650 కిలోల చుట్టుపక్కలే. ఇప్పుడొచ్చే చిన్న ఎస్‌యూవీల్లో చాలావరకు వెయ్యి కిలోలు దాటేస్తాయి. 2000లో ఐదు గేర్లు, 45 హార్స్‌పవర్‌తో ఇంకో వెర్షన్ కూడా వచ్చింది. మాకు అది దొరకలేదు. దొరికితే వదలకండి.

1983 డిసెంబర్ 14న మొదటి మారుతి 800 తాళాలు ఇందిరా గాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. ధర దాదాపు 47,500 రూపాయలు. ఇదంతా మీరు ఎక్కడో చదివే ఉంటారు. నాకు ఇంట్రెస్టింగ్‌గా అనిపించేది ఆ తర్వాత కోయంబత్తూరులో జరిగిన కథ.

అప్పట్లో మన దేశంలో రేసింగ్ అంటే డబ్బున్నవాళ్ల ఆటే. మద్రాసు దగ్గర షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉండేది, దాని మీదే రేసులు పెట్టేవాళ్లు. విదేశాల నుంచి రేస్ కారు తెప్పించుకోగలిగినవాడు ముందు, ఫియట్‌నో అంబాసిడర్‌నో చెక్కి, సాగదీసి తెచ్చినవాడు వెనక. అలాంటి టైంలో కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ అనే ఆయన ఇక్కడే చవగ్గా సింగిల్ సీటర్ రేస్ కార్లు తయారు చేయాలనుకున్నాడు. ఇంజిన్ ఎక్కడిది? ఊరూరా దొరుకుతున్న మారుతిదే. 1988లో అలా పుట్టిందే ఫార్ములా మారుతి. అసలు పేరు ఫిస్మీ, అంటే ఫార్ములా ఇండియా సింగిల్ సీటర్ మారుతి ఇంజిన్. పేరులోనే ఇంజిన్ పెట్టేశారు.

ఒక్కసారి ఆలోచించండి. పక్కింటి డాక్టరు గారు హాస్పిటల్‌కి వేసుకెళ్లే బండి ఇంజిన్, చక్రాలు బయటికి కనబడే రేస్ కారులో! పవర్ తక్కువే. కానీ అందరికీ అదే ఇంజిన్ కాబట్టి ఎవడి దగ్గర డబ్బుందన్నది కాదు, ఎవడు బాగా తోలతాడన్నది తేలిపోతుంది. పైగా రేసులో ఇంజిన్ పాడైతే సామాన్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, రిపేర్ చేసే చేతులు కూడా దొరుకుతాయి. మెయింటెనెన్స్ లెక్కలు చూసినప్పుడు ఇది ఎంత తెలివైన డిజైన్ నిర్ణయమో అర్థమవుతుంది.

1990లో మద్రాసు బయట ఇరుంగాట్టుకోట్టైలో పక్కా ట్రాక్ వచ్చింది, పొడవు 3.717 కిలోమీటర్లు. శ్రీపెరుంబుదూరు ట్రాక్ అని కూడా అంటారు. నారాయణ్ కార్తికేయన్ తన మొట్టమొదటి రేసు నడిపింది అక్కడే, ఈ ఫార్ములా మారుతిలోనే. మొదటి రేసులోనే పోడియం ఎక్కాడు. ఆ కుర్రాడే 2005లో జోర్డాన్ టీమ్‌తో ఫార్ములా వన్‌లోకి వెళ్లిన మొదటి భారతీయుడు. కరివర్ధన్ అదంతా చూడలేదు. 1995లో చిన్న విమానం కూలి చనిపోయాడు. 2003లో కోయంబత్తూరు దగ్గర తెరిచిన ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు, కరి మోటార్ స్పీడ్‌వే.

బీటెక్ మూడో ఏడులో ఇద్దరు రూమ్‌మేట్స్‌తో ఆ కరి ట్రాక్‌కి వెళ్లా. అప్పటికి 800 ఇంజిన్ రోజులు అయిపోయాయి, ఎల్‌జీబీ ఫార్ములా 4 కార్లలో స్విఫ్ట్ 1.3 లీటర్ ఇంజిన్ ఉంది. మళ్లీ మారుతిదే చూడండి. కంచె పక్కన నిలబడితే సౌండ్‌కి గుండెలు అదిరాయి. సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్తే, ఆయన అడిగింది ఒకటే: “మన బండి ఇంజిన్‌కి అంత దమ్ముందా ఒరేయ్?”

ఆ దమ్ము మేం చూసింది ట్రాక్ మీద కాదు, దోర్నాల దగ్గర. నాన్న హైస్కూల్ టీచరు. 2008లో గుంటూరులో ఒక డాక్టరు గారి దగ్గర ఈ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఐదుగురం శ్రీశైలం బయల్దేరాం. వినుకొండ దాటాక టెంపరేచర్ ముల్లు పైకి లేవడం మొదలైంది. దోర్నాల చేరేసరికి బానెట్ కింద నుంచి పొగలు, రేడియేటర్ హోస్ పగిలింది. సాయంత్రం ఏడైంది. రాత్రి తొమ్మిది తర్వాత అడవి గేటు మూసేస్తారు. నాయనమ్మ దేవుణ్ణి తలుచుకుంటోంది, అమ్మ నాన్నని తిడుతోంది.

లారీల పంక్చర్ షాపులో ఒకాయన వచ్చి చూశాడు. కంపెనీ హోస్ ఇక్కడ దొరకదు మాస్టారూ అన్నాడు. (టీచర్లను మొహం చూసే ఎలా కనిపెడతారో!) ఏదో బండికి చెందిన పాత హోస్ ముక్క తెచ్చి, కొలతకి కోసి, రెండు క్లాంపులు బిగించాడు. బిందెడు నీళ్లు పోశాడు. ఇంజిన్ చల్లారేదాకా ఆపి, ఏసీ వేయొద్దు, ఘాట్‌లో రెండో గేరు దాటొద్దు అని చెప్పి రెండొందలు తీసుకున్నాడు. ఎనిమిదిన్నరకి గేటు దాటాం. ఆ ముక్క హోస్ తిరిగొచ్చాక ఇంకో నాలుగు నెలలు అలాగే ఉంది.

ఇదే నా చేతిలోని ఫోన్ అయితే? బ్యాటరీ అంటించేసి ఉంటుంది, వెనక గ్లాస్ ఊడదీయడానికే హీట్ గన్ కావాలి. దోర్నాలలో ఆ మెకానిక్ చేసింది, కరివర్ధన్ ఫార్ములా మారుతిలో నమ్ముకున్నది ఒక్కటే అనిపిస్తుంది నాకు.

లోపాలు దాచను. ఘాట్‌లో ఏసీ వేస్తే సైకిల్ కూడా దాటేస్తుంది. ఇప్పటి కార్ల పక్కన సేఫ్టీ అనే మాటే ఎత్తకూడదు. తుక్కుకి ఇద్దామనుకోవడానికి కారణం కూడా అదే. నాన్నకి 63 ఏళ్లు. రాత్రిపూట హైవే మీద, లారీల మధ్య ఆ రేకు డబ్బాలో ఆయన్ని ఊహించుకుంటే నాకు నిద్ర పట్టదు. పైగా 2019లో 600 రూపాయలతో అయిన ఆర్‌సీ రెన్యువల్ ఫీజు 2022 నుంచి 5,000 అయింది. తుక్కు కొనేవాడు పాతిక వేలు అన్నాడు. నేను ఒక కొత్త కారు బుక్ చేశా కూడా.

నాన్న గొడవ పెట్టుకోలేదు. గ్యారేజీలోకి తీసుకెళ్లి బానెట్ ఎత్తి, “ఇందులో నాకు తెలియని పార్టు ఏదైనా ఉంటే చూపించు, ఇచ్చేద్దాం” అన్నారు. నేను నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివా. ఆల్టర్నేటర్ ఏదో గుర్తుపట్టడానికే కొంచెం టైం పట్టింది. ఆయన మాత్రం డిస్ట్రిబ్యూటర్ నుంచి క్లచ్ కేబుల్ దాకా వేలు పెట్టి చూపిస్తూ, ఏది ఏ ఏడు మార్చారో చెప్పుకుంటూ పోయారు.

చివరికి ఒప్పందానికి వచ్చాం. కొత్త కారు ఊళ్లు తిరగడానికి. 800 తెనాలి దాటకూడదు, చీకటి పడ్డాక తీయకూడదు. ఫిట్‌నెస్ చేయించి ఐదువేలు కట్టాం, 2029 దాకా ఆర్‌సీ ఉంది. ఈ సంక్రాంతికి క్లచ్ ప్లేట్ మార్చాలి. విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతుందన్నారు, నేనే వెళ్లి తెస్తానని చెప్పా. “బిల్లు తీసుకో, లేకపోతే డూప్లికేటు అంటగడతారు” అన్నారు నాన్న.