ఒక్క నటుడు, ఇరువురు రాజులు

ఓడరేవు పనులకనియు, ఉక్కు కర్మాగారమునకనియు శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల పల్లెలనుండి విశాఖపట్టణము చేరినవారు తమవెంట పద్యనాటక ప్రీతినికూడ తెచ్చుకొనిరి. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు రాత్రియెల్ల ఆడునపుడు కృష్ణపాత్రను ఇద్దరు ముగ్గురు నటులు పంచుకొనుట మన రంగస్థల సంప్రదాయము. పడక సీనులో ఒక కృష్ణుడు, రాయబారములో వేరొక కృష్ణుడు. ఈ పాత్రకే పేరెన్నికగన్న ఉత్తరాంధ్ర నటుడు పీసపాటి నరసింహమూర్తి గారు. ముఖము మారినను కృష్ణుడు మారలేదని ఈ ప్రేక్షకులకు ఎవరును చెప్పనక్కరలేదు.

వెండితెర ఈ పద్ధతిని తలక్రిందులు చేసినది. 1966లో వచ్చిన శ్రీకృష్ణ పాండవీయమున నందమూరి తారక రామారావు కృష్ణుడును, దుర్యోధనుడును తానేయై, దర్శకత్వమునుగూడ వహించెను. 1977 సంక్రాంతికి విడుదలయైన దానవీరశూరకర్ణలో ఆ ఇరువురితో కర్ణుని చేర్చెను. అందలి అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టమును ఎన్నిసార్లు చూచినను నాకు తనివి తీరదు. సూతపుత్రుడవని నిందింపబడి కర్ణుడు అవమానభారముతో నిలిచియుండగా, దుర్యోధనుడు లేచి, కులమడిగిన పెద్దలను కొండవీటి వేంకటకవి వ్రాసిన సమాసభూయిష్ఠమైన మాటలతో నిలదీసి, మిత్రునకు అంగరాజ్యమున పట్టము గట్టును. కిరీటమిచ్చువాడును, పుచ్చుకొనువాడును ఒక్కడే. అయినను ఒకని అభిమానమును మరియొకని అహంకారముగా మనము పొరబడము.

కంప్యూటరు లేని ఆ కాలమున కెమెరాను కదలకుండ బిగించి, కటకమును సగము నల్లని మాస్కుతో కప్పి, ఒక వేషమును చిత్రించి, ఫిల్మును వెనుకకు త్రిప్పి, మాస్కును ప్రక్క మార్చి, రెండవ వేషమును మిగిలిన సగమున చిత్రించెడివారు. వీపు మాత్రమే కనబడవలసినచోట డూపును నిలిపెడివారు. ఎదుట ఎవరును లేని శూన్యమును చూచి నటుడు కోపింపవలెను, కరగవలెను. చూపు బెత్తెడు తప్పినచో ఇద్దరు రాజులును ఒకరినొకరు చూచుకొననట్లే యుండును.

1979 నాటి శ్రీమద్విరాటపర్వమున రామారావు ఐదు పాత్రలు ధరించెను గాని, అందు నాకు సంఖ్యయే ముందు కనబడును. ఇక 2015, 2017 సంవత్సరముల బాహుబలి చిత్రములలో ప్రభాస్ తండ్రియు, కుమారుడునై నటించెను; కుమారుడు పసికందుగా నుండగనే తండ్రి హతుడగుటచే ఆ యిరువురు వీరులు ఎదురెదురుగా నిలువవలసిన యవసరమే రాలేదు. కర్ణదుర్యోధనులకు ఆ వెసులుబాటు లేదు. ఒకే సభలో, ఒకే క్షణమున ప్రేక్షకుడు ఇద్దరిని ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుకొనుచునే యుండును.