పునరావాస చికిత్సా విద్య: రుణభారం – ఆదాయం – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

పక్షవాతం వచ్చిన మనిషిని మళ్ళీ నడిపించడం, విరిగి అతికిన చేతికి పట్టు తీసుకురావడం పునరావాస చికిత్సకుల పని. తెలుగు రాష్ట్రాలలో ఈ వృత్తికి ప్రధానమైన దారి ఫిజియోథెరపీ పట్టా (బి.పి.టి.). తిరుపతిలోని స్విమ్స్, హైదరాబాదులోని నిమ్స్ వంటి సంస్థలలో సీటు దొరకని విద్యార్థులు ప్రైవేటు కళాశాలల వైపు చూస్తారు. విద్యారుణం ప్రసక్తి అక్కడే వస్తుంది. ఆ రుణాన్ని రాబోయే ఆదాయంతో ఎలా తూచాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. లెక్కతో పాటు దానిని చెప్పే పదజాలాన్ని కూడా పరిశీలించవలసి ఉంది. కుటుంబాలు కూడికల దగ్గర కంటే మాటల దగ్గరే ఎక్కువగా పొరబడతాయన్నది నా అభిప్రాయం.

2. ‘విరామం’ – వడ్డీ:

భారతీయ బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం కోర్సు జరిగినంత కాలం, ఆపై ఒక సంవత్సరం వాయిదాలు కట్టనక్కరలేదు. దీనికి మారటోరియం అని పేరు. తెలుగులో ‘విరామకాలం’ అన్నప్పుడు వడ్డీకి కూడా విరామమేనని స్ఫురిస్తుంది. నిజానికి ఆగేది వాయిదా మాత్రమే. వడ్డీ బారువడ్డీగా నడిచి, వాయిదాలు మొదలయ్యేటప్పుడు అసలులో కలుస్తుంది.

నాలుగేళ్ళ చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఉన్న కోర్సుకు ఏడాదికి 1.25 లక్షల చొప్పున 5 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. మొదటి విడత మీద ఐదున్నరేళ్ళు, రెండవదాని మీద నాలుగున్నర, మూడవదాని మీద మూడున్నర, చివరిదాని మీద రెండున్నరేళ్ళు వడ్డీ నడుస్తుంది. అదంతా కలిపి 2 లక్షలు. తొలి వాయిదా నాటికి అప్పు 7 లక్షలవుతుంది. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 9,250 రూపాయలు, పదిహేనేళ్ళయితే సుమారు 7,520 రూపాయలు కట్టాలి. రెండవది తేలికగా కనిపిస్తుంది గాని, మొత్తం చెల్లింపు 11.10 లక్షల నుంచి 13.54 లక్షలకు పెరుగుతుంది. ఇంటర్న్‌షిప్ ఏడాదికి పెరిగితే వడ్డీ మరో 25 వేలు.

చదువుతున్నప్పుడే వడ్డీ కట్టుకుంటూ వస్తే ఒక శాతం రాయితీ ఇవ్వవచ్చునని నమూనా పథకం చెబుతుంది. బ్యాంకులో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

3. ఏ జీతంతో తూచాలి?

పదేళ్ళ అనుభవం ఉన్నవారి సంపాదనను చూసి రుణం తీసుకోవడం సాధారణం. వాయిదా మాత్రం తొలి ఏడాది జీతం నుంచి పోతుంది. ఈ వృత్తిలో ఆదాయం మెల్లగా నిలదొక్కుకుంటుంది. మొదట ఆసుపత్రిలోనో క్లినిక్‌లోనో నెలజీతం. పేరు వచ్చాక రోగుల ఇళ్ళకు వెళ్ళి చేసే చికిత్సకు విడిగా రుసుము. తొలి జీతం 18,000 అనుకుంటే, పై లెక్కలోని 9,250 అందులో సగానికి మించిపోతుంది.

కాబట్టి లెక్కను తలక్రిందులు చేసి చూడాలి. జీతంలో మూడవ వంతుకు మించి వాయిదా ఉండకూడదని పెట్టుకుంటే నెలకు 6,000. పదేళ్ళలో ఆ మొత్తంతో తీరేది సుమారు 4.54 లక్షల అప్పు. అందులో చదువుకాలపు వడ్డీ తీసివేస్తే, మొదట తీసుకోదగిన రుణం సుమారు 3.24 లక్షలు మాత్రమే. కళాశాల రుసుము అంతకు మించితే మిగిలినది ఎక్కడి నుంచి వస్తుందో చేరకముందే తేల్చుకోవాలి. కళాశాలవారు చెప్పే జీతం కంటే నిరుడు ఇంటర్న్‌షిప్ ముగించినవారిని అడిగి తెలుసుకున్న జీతం నమ్మదగినది. విదేశీ ఉద్యోగాన్ని ఈ లెక్కలో కలపడం తగదు. అమెరికాలో ఈ వృత్తికి ప్రవేశ పట్టా డాక్టరేటు స్థాయిది. మన పట్టాకు మూల్యాంకనం, ఆపై లైసెన్సు పరీక్ష తప్పవు. ఆ ఖర్చు వేరే.

4. చేబదులు లెక్క:

హాస్టలు ఖర్చులకు చాలా ఇళ్ళలో బయట అప్పు తెస్తారు. ఊళ్ళో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెబుతారు. బ్యాంకు సంవత్సరానికి చెబుతుంది. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టినప్పుడు ‘రెండు రూపాయల వడ్డీ’ చిన్నదిగా, ‘పది శాతం’ పెద్దదిగా వినిపిస్తుంది. బ్యాంకు పది శాతం మన వాడుకలో నెలకు నూటికి 83 పైసలు. రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతం. మొదటి ఏడాది తెచ్చిన లక్ష మీద ఐదున్నరేళ్ళకు బారువడ్డీయే 1.32 లక్షలు. 5 లక్షల బ్యాంకు రుణం మీద చదువుకాలపు వడ్డీ 2 లక్షలన్నది ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

5. రాయితీలు, సంతకాలు:

కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షల లోపు ఉండి, కోర్సుకూ కళాశాలకూ అర్హత ఉంటే మారటోరియం కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. 2024 నవంబరులో ఆమోదం పొందిన పి.ఎం. విద్యాలక్ష్మి, 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 10 లక్షల వరకు రుణం మీద ఆ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తుంది. అయితే ఎంపిక చేసిన సంస్థలలో చదివేవారికే. కళాశాల ఆ జాబితాలో ఉన్నదా లేదా అన్నది రుసుము కట్టకముందే చూసుకోవలసిన విషయం. 80ఇ కింద వచ్చే ఆదాయపు పన్ను మినహాయింపును గొప్పగా చెబుతారు గాని, 18,000 జీతగాడికి పన్నే ఉండదు.

చివరగా సంతకం సంగతి. దరఖాస్తులో తండ్రి లేదా తల్లి ‘సహరుణగ్రహీత’గా సంతకం చేస్తారు. వాడుకలో దీనిని ‘హామీ సంతకం’ అనుకుంటారు. సహరుణగ్రహీత ఆ అప్పును తానే తీసుకున్నవాడితో సమానం. పద్దెనిమిదేళ్ళకు కోర్సులో చేరిన అమ్మాయికి తొలి వాయిదా ఇరవై మూడు దాటాక వస్తుంది. ఇంట్లో పెళ్ళి ఖర్చులు ముందుకు వచ్చే వయసది. అప్పుడు వాయిదాలు తప్పితే ఆ ఎగవేత తండ్రి రుణచరిత్రలోనూ నమోదవుతుంది. ఆయన తరువాత ట్రాక్టరు కోసం బ్యాంకుకు వెళ్ళినప్పుడు మొదట కనిపించేది అదే.