ధైర్యం చెబితే తగ్గని భయం ఎలా తగ్గుతుంది?

"ఏం కాదు, ధైర్యంగా ఉండు" అని ఇంటిల్లిపాదీ చెబుతారు. భయం మాత్రం పోదు. అదే మనిషి కౌన్సెలింగుకు కొన్ని వారాలు వెళ్లొస్తే తేలికపడతాడు. అక్కడా మాటలే కదా! మరి తేడా ఎక్కడుంది? కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, పొట్టిగా సీబీటీ, అనే పద్ధతి గురించి చాలామంది అడిగే ప్రశ్నలివి.

ధైర్యం చెబితే భయం ఎందుకు పోదు?

ఒక ఉదాహరణ అనుకుందాం. నలభై ఏళ్ల ఉద్యోగి. కిక్కిరిసిన సిటీ బస్సులో నిలబడి ఉండగా ఉన్నట్టుండి గుండె దడ మొదలైంది. ఒళ్లంతా చెమట, వేళ్లకు తిమ్మిరి, ఊపిరి అందడం లేదు. గుండెపోటే అనుకుని తర్వాతి స్టాపులో దిగి ఆసుపత్రికి పరుగెత్తాడు. ఈసీజీ, ఎకో, రక్త పరీక్షలు అన్నీ నార్మల్. "టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారు. మళ్లీ బస్సెక్కితే మళ్లీ అదే దడ. ఇప్పుడు బస్సు మానేసి ఆటోలో వెళ్తున్నాడు, అదీ భార్య పక్కనుంటేనే. చేతిలో ఎప్పుడూ నీళ్ల సీసా ఉండాల్సిందే.

ఇది పానిక్ ఎటాక్. ఇందులో ఏం జరుగుతుందో బ్రిటన్‌కు చెందిన సైకాలజిస్టు డేవిడ్ క్లార్క్ 1986లో వివరించారు. ఎండకో, కాఫీకో, మెట్లెక్కినందుకో గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. మనసు దాన్ని 'పోతున్నాను' అని అర్థం చేసుకుంటుంది. దాంతో భయం పుడుతుంది, భయంతో గుండె ఇంకా జోరందుకుంటుంది. గాలి చాలడం లేదనుకుని మనిషి గబగబా ఊపిరి పీలుస్తాడు. అలా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేళ్లు తిమ్మిరెక్కేది, తల తేలిపోయేది అందుకే. ఆ తిమ్మిరి చూసుకుని గుండెపోటేనని మరింత గట్టిగా నమ్ముతాడు.

బస్సు దిగాక దడ తగ్గింది కాబట్టి దిగడం వల్లే బతికానని లెక్కేసుకున్నాడు. దిగకపోయినా తగ్గేదేనన్న సంగతి తెలిసే అవకాశమే లేకపోయింది. తప్పించుకున్న ప్రతిసారీ కాస్త ఉపశమనం దొరుకుతుంది, ఆ ఉపశమనమే భయానికి మేత. నీళ్ల సీసా, భార్య తోడు చేసే పనీ అదే. అతని దగ్గర సొంత అనుభవం అనే సాక్ష్యం ఉంది. ఇంట్లోవాళ్ల దగ్గరున్నది ఉత్త మాట. సాక్ష్యం ముందు మాట నిలవదు.

మరి కౌన్సెలింగులో ఏం చేస్తారు?

కొత్త సాక్ష్యం సంపాదించి పెడతారు. ముందుగా గుండె, థైరాయిడ్ లాంటి జబ్బులేవీ లేవని డాక్టరు తేల్చాలి. ఆ తర్వాత థెరపిస్టు, పేషెంటు కలిసి పైన చెప్పిన వలయాన్ని కాగితం మీద గీస్తారు. అది నిజమో కాదో ఆ గదిలోనే పరీక్ష పెడతారు.

"రెండు నిమిషాలు గబగబా, బలంగా ఊపిరి తీసి వదలండి."

"తల తిరుగుతోంది మేడమ్. వేళ్లు కూడా... అచ్చం బస్సులో వచ్చినట్టే."

"ఇప్పుడిది దేనివల్ల వచ్చిందంటారు?"

"ఊపిరి అలా తీసినందుకే కదా."

"మరి ఆ రోజు బస్సులో?"

జవాబు వెంటనే రాదు. వచ్చినప్పుడు అది అతని సొంత జవాబు. ఈ పరీక్ష గుండెజబ్బు, ఆస్తమా, మూర్ఛ ఉన్నవాళ్లకు పెట్టరు. ఎవరూ ఇంట్లో ఒంటరిగా చేసి చూడకూడదు.

తర్వాతి పరీక్ష బస్సులోనే. బయల్దేరే ముందు తన అంచనా నోట్‌బుక్కులో రాయాలి: 'పది నిమిషాల్లో కళ్లు తిరిగి పడిపోతాను. నమ్మకం 90 శాతం.' నీళ్ల సీసా లేకుండా, భార్య తోడు లేకుండా ముందు రెండు స్టాపులే. కొన్నాళ్లకు కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా. తిరిగొచ్చాక ఇలా రాసుకుంటాడు: 'దడ వచ్చింది. దిగిపోదామనిపించింది, దిగలేదు. ఎర్రగడ్డ దాటేసరికి తగ్గింది. పడిపోలేదు. నమ్మకం 40.' ఇలా వరుసగా నాలుగైదుసార్లు రాశాక ఆ అంకె ఎటు పోతుందో అతనికే కనిపిస్తుంది.

ఈ పద్ధతి ఎలా పుట్టింది?

రెండు దారులు కలిసి ఇదైంది. ఒకటి ప్రవర్తన దారి. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే మూడేళ్ల పిల్లవాడి కథను 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ ప్రచురించారు. వాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును దూరంగా ఉంచి, రోజురోజుకీ కొంచెం దగ్గరికి జరిపారు. చివరికి వాడే దాన్ని నిమిరాడు. భయపడేదానికి మెట్టుమెట్టుగా దగ్గరవడం అనే ఈ సూత్రాన్నే దక్షిణాఫ్రికా సైకియాట్రిస్టు జోసెఫ్ వోల్పే 1958లో వెలువరించిన పుస్తకంలో చికిత్సగా తీర్చిదిద్దారు.

రెండోది ఆలోచన దారి. న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఎల్లిస్ 1950ల మధ్యలో ఈ బాట పట్టారు. ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ మొదట్లో ఫ్రాయిడ్ మార్గంలో నడిచిన సైకియాట్రిస్టు. డిప్రెషన్ అంటే తనమీదికే తిరిగిన కోపమని ఆ సిద్ధాంతం చెప్పేది. దాన్ని రుజువు చేద్దామని పేషెంట్ల కలల్ని పరిశీలిస్తే కోపం అంతగా కనిపించలేదు. కనిపించినవి ఓటమి, పోగొట్టుకోవడం, ఎవరికీ అక్కర్లేకపోవడం. మెలకువలోనూ 'నా వల్ల కాదు', 'నేనంటే ఎవరికీ లెక్కలేదు' అనే మాటలు పిలవకుండానే వాళ్ల మనసులో మెదులుతున్నాయి. వాటిని పైకి తెచ్చి పరిశీలించడమే వైద్యంగా మలిచారు. డిప్రెషన్ వైద్యం మీద ఆయన బృందం రాసిన పుస్తకం 1979లో వచ్చింది. నూరేళ్లు బతికి 2021లో కన్నుమూశారు.

ఇది పాజిటివ్ థింకింగే కదా?

కాదు. ఇంటర్‌లో మ్యాథ్స్ పోయిన కుర్రాడు 'నేనెందుకూ పనికిరాను' అనుకుంటున్నాడు. 'నువ్వు గొప్పోడివిరా' అని చెబితే వాడే నమ్మడు. సీబీటీలో ఆ ఆలోచనను కాగితం మీద పెట్టి, దాన్ని బలపరిచేవి ఒకవైపు, కాదనేవి మరోవైపు రాయిస్తారు. చివరికి తేలేది ఇలా ఉంటుంది: 'మ్యాథ్స్ పోయింది, బాధగానే ఉంది. మిగతావి పాసయ్యాను. సప్లిమెంటరీ రాయొచ్చు.' ఇందులో పొగడ్త లేదు, నిజం పూర్తిగా ఉంది.

కొన్నిసార్లు చేదు ఆలోచనే నిజమవుతుంది. ఉద్యోగం నిజంగానే పోయి ఉండొచ్చు, భర్త నిజంగానే కొడుతుండొచ్చు. అక్కడ 'ఆలోచన మార్చుకో' అనడం అన్యాయం. అప్పుల లెక్క, కొత్త పని, రక్షణ లాంటి అసలు సమస్య సంగతే ముందు చూడాలి.

మంచం దిగని మనిషితో ఏం చేయిస్తారు?

డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు 'మనసు బాగుపడ్డాక లేస్తాను' అంటారు. పనులు మానేసేకొద్దీ సంతోషమిచ్చేవీ, చేశానన్న తృప్తినిచ్చేవీ తగ్గిపోయి మనసు ఇంకా కుంగుతుంది. అందుకే ఈ వరసను తిరగేస్తారు: ముందు పని, తర్వాత మనసు. ఉదయం ఏడింటికి కుండీలకు నీళ్లు పోయడం, సాయంత్రం వీధి చివరిదాకా నడక. ఇంత చిన్నవే, కానీ టైముకు. చేశాక ఎలా అనిపించిందో రాసుకోవాలి.

దీనికి డిగ్రీలున్న నిపుణులే అక్కర్లేదని గోవాలో తేలింది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లకు, శిక్షణ పొందిన మామూలు మనుషులే ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు ఇచ్చారు. సంగత్ సంస్థ, విక్రమ్ పటేల్ బృందం చేసిన ఈ అధ్యయనం లాన్సెట్ పత్రికలో వచ్చింది. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకన్నా వీళ్లు మెరుగ్గా కోలుకున్నారు.

ఎన్నాళ్లు పడుతుంది? మందులు మానేయొచ్చా?

సాధారణంగా వారానికొకటి చొప్పున పన్నెండు నుంచి ఇరవై సిట్టింగులు, ఒక్కోటి ముప్పావుగంట నుంచి గంట. అసలు పని మాత్రం సిట్టింగుకీ సిట్టింగుకీ మధ్య ఇంటి దగ్గర జరుగుతుంది. అందరికీ నయమవుతుందని చెప్పలేం. కొందరికి మందులతో కలిపి ఇస్తే మేలు. బైపోలార్, స్కిజోఫ్రీనియా లాంటివాటిలో మందులే ప్రధానం, సీబీటీ తోడు మాత్రమే. వాడుతున్న మందులు డాక్టరును అడగకుండా ఆపకూడదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లడం మంచిది. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనప్పుడు, చనిపోవాలన్న ఆలోచన వస్తున్నప్పుడు మరీ ముఖ్యంగా, టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు. ప్రభుత్వం నడిపే ఈ సేవ తెలుగులోనూ ఉంది, రోజంతా పనిచేస్తుంది, డబ్బులు తీసుకోరు.

మొదటి సిట్టింగులోనే మూడు ప్రశ్నలు అడగండి: నా సమస్య ఎందుకు కొనసాగుతోందని మీరు అనుకుంటున్నారు? ఈ వారం నేను ఇంట్లో ఏం చేయాలి? తగ్గుతోందో లేదో ఎలా కొలుస్తాం? సీబీటీ తెలిసినవారు ఈ మూడింటికీ విసుక్కోరు, మీతో కలిసి కాగితం మీద రాస్తారు. ఉపదేశాలు మాత్రమే వినిపిస్తే ఇంకొకరిని వెతుక్కోవచ్చు.