ముష్టియోధునకు రొమ్ముబలము



ముష్టియుద్ధము మనకు క్రొత్తది కాదు. మథురలో చాణూరముష్టికులను బలరామకృష్ణులు కూల్చిన కథ మన పల్లెలలో అక్షరమెఱుగని ముసలమ్మలకు సైతము తెలియును. చేతులకు తొడుగులు వేసికొని, త్రాళ్లు కట్టిన గోదాలో మూడేసి నిమిషముల రౌండ్లుగా పోరాడు బాక్సింగు మాత్రము సీమనుండి వచ్చినది. నల్లగొండ, పాలమూరు పల్లెల పిల్లలు కొందఱు దీనిపై మనసు పడుచున్నారు.

మా మనుమడొకడు నిరుడు పట్టణములోని ఒక వ్యాయామశాలలో చేరి, ఆఱు మాసములు బల్లపై వెల్లకిల పరుండి ఇనుపబరువు నెత్తుటయే పనిగా పెట్టుకొనెను. రొమ్ము విరిసెను, చొక్కాగుండీలు పట్టకపోయెను. పోటీలో మాత్రము మొదటి దినమే ఓడివచ్చి, “తాతా, ఇంత కండ పెంచియు నా దెబ్బకు బలము రాలేదేమి?” అని అడిగెను. నేను వ్యాకరణము చెప్పినవాడనే గాని వస్తాదును గాను. అయినను ప్రశ్న న్యాయమైనది గనుక విచారించితిని.

రొమ్ముకండ జత్రుకనుండియు, రొమ్ముటెముకనుండియు, ప్రక్కటెముకలనుండియు బయలుదేఱి దండచేయి ఎముకకు తగులుకొనును. చేతిని శరీరమునకు అడ్డముగా లోనికి లాగుట దాని ముఖ్యవ్యాపారము. కావున ప్రక్కనుండి వంచి కొట్టు దెబ్బకు అది మిక్కిలి తోడ్పడును. తిన్నని గ్రుద్దునకు కొంత తోడ్పడును. వ్యర్థమనుటకు వీలులేదు.

అయితే దెబ్బ రొమ్మున పుట్టదు. గొడ్డలితో మొద్దు చీల్చువానిని చూడుడు. వాడు చేతులతో కొట్టునా? మడమ నేలను తన్నును, నడుము తిరుగును, భుజము దాని వెంట వచ్చును, గొడ్డలి కడపట పడును. ముష్టియు నట్లే. 1985లో సోవియట్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో ఆరితేరిన యోధుల దెబ్బబలమున నూటికి సుమారు 38 పాళ్లు కాళ్లనుండియు, 37 పాళ్లు నడుము మలుపునుండియు, 24 పాళ్లు మాత్రమే చేయి చాపుటనుండియు వచ్చినట్లు తేలెను. క్రొత్తవారిలో చేతిపాలు హెచ్చు, కాలిపాలు తక్కువ. రొమ్ముకండ పని యంతయు ఆ చేతిపాలులోనిదే. మావాడు ఆఱు మాసములును అక్కడనే వెచ్చించెను!

ఇంకొక చిక్కు తూకము. ఈ క్రీడలో సమానమైన బరువుగలవారినే జోడింతురు. నిజామాబాదున 1996లో జన్మించిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులున 52 కిలోల తరగతిలో ప్రపంచవిజేత యయ్యెను. ఒలింపిక్ క్రీడలలో ఆ తరగతి లేనందున 50 కిలోలకు దిగి, 2023లో ఢిల్లీలో మరల గెలిచెను. రెండు కిలోలకే ఇంత లెక్క యున్నచోట, దెబ్బకు అక్కఱకు రాని కండ రెండు కిలోలు పెరిగిన పిల్లవాడు తనకంటె పొడవైన ప్రత్యర్థుల తరగతిలో పడవచ్చును. మావానికి జరిగినది సరిగా నిదియే.

మన కోడి రామమూర్తినాయుడు రొమ్మునకు గొలుసు చుట్టి, ఊపిరి పూరించి తెంపెడివాడు. రొమ్ముపై ఏనుగును నిలిపెడివాడు. అది మల్లుని బలప్రదర్శనము. అచట స్థిరత్వము కావలెను. ఇచట వేగము కావలెను. ఒకదానిని జూచి మఱొకదానికి సాధన చేయరాదు.

భుజము సంగతి మఱి ముఖ్యము. రొమ్మును మాత్రమే పెంచి వీపును విడిచినచో భుజములు ముందునకు వంగవచ్చును, కీలుపై ఒత్తిడి పెరుగవచ్చును. 2017లో భుజము గాయపడి నిఖత్ జరీన్ చాలకాలము గోదాకు దూరమయ్యెను. ఆ గాయమునకు కారణము వేఱు కావచ్చును గాని, భుజము చెడిన యోధుని గతి యెట్టిదో దానివలన తెలియుచున్నది.

ప్రక్కటెముకలపై రంపపుపండ్లవలె కనబడు మఱొక కండ కలదు. రెక్కయెముకను ముందునకు త్రోసి, పిడికిలికి కడపటి జానెడు అందించునది అదియే. దీనికి మన తాలింఖానాలలోని దండీలు చక్కని సాధనము. పైకి లేచిన పిమ్మట వీపును ఇంకొంచెము పైకి నెట్టవలెను. వీపునకు చేదబావినుండి నీరు తోడుట కంటె చవుకైన వ్యాయామము నాకు తోచలేదు.

ఇప్పుడు మావాడు బరువుబల్లను వారమునకు రెండు దినములకు తగ్గించినాడు. ప్రొద్దున బస్కీలు, దండీలు. సాయంకాలము మా పెరటిబావివద్ద ముప్పది బొక్కెనలు. వాని నాయనమ్మకు నీళ్లు మోయు శ్రమ తప్పినది. తూకము ఒకటిన్నర కిలో తగ్గినది. వచ్చు పోటీకి మఱల పాత తరగతిలోనే పేరు వ్రాయించుకొనెను.